ఎడ్లు లాగిన ఏసీ కారు

నా చేతి చలవ వల్ల మా పెదనాన్న తన ప్రాణస్నేహితుడి కడచూపుకు నోచుకోలేదు. నవ్వుకోండి, కానీ మెల్లిగా. అది చావు కబురు వచ్చిన నాటి సంగతి.

పంతొమ్మిది వందల డెబ్భైల్లో పెదనాన్నకు పాత అమెరికా కారు ఉండేది. దానికి ఏసీ తరవాత బిగించుకున్నారు. అది వేస్తే చాలు, కారు మెట్లెక్కే ఆస్తమా మనిషిలా ఆయాసపడేది, దీపాలు మసకబారేవి. అప్పుడే ఇంజనీరింగు పూర్తిచేసిన నేను బానెట్ ఎత్తి, "బెల్టు వదులైంది, అంతే" అని తేల్చి బిగించేశాను. అసలు రోగం డైనమోది. ఏసీ తాగే కరెంటు ఇవ్వలేక, బ్యాటరీని రోజూ కొంచెం కొంచెం చంపుతోంది.

మే నెలలో ఒక పొద్దున, పుప్పాలగూడలో ఆ ప్రాణస్నేహితుడు రాజయ్యగారు పోయారని కబురొచ్చింది.

"గుండె నీరసంగా ఉందిరా. ఏసీ వేస్తావా?" అన్నారు పెదనాన్న కారెక్కుతూ.

"వెయ్యకేం! బాగుచేశానుగా."

మాదాపూర్ దాటాక బండరాళ్ల మధ్య దారి, ముందు ఎడ్లబళ్ల వరస. నత్తనడకన పోతుంటే ఇంజను కాగిపోయింది. ఏసీ ఆపాను. హీటరు తిప్పితే ఇంజను వేడి తగ్గుతుందని ఎక్కడో చదివాను. తిప్పాను.

"ఒరేయ్, నిప్పులగాలి కొడుతోందేమిట్రా?"

"ఇంజను వేడి పెదనాన్నా. మనం కాస్త పంచుకుంటున్నాం."

హీటరు ఫ్యాను బ్యాటరీలో మిగిలిన కాస్త ప్రాణాన్నీ పీల్చేసింది. కారు ఆగిపోయింది. ఒక బండాయన దిగొచ్చాడు.

"ఏంది సారూ, గిట్ల నడిమిట్ల ఆపినవ్?"

చెప్పాను. ఆయన పెదనాన్న ముఖం చూసి, "ఫికర్ చెయ్యకుండ్రి. ఎడ్లను కట్టి గుంజుతం. జర స్టీరింగ్ సక్కగ పట్టు" అన్నాడు.

అలా చేరేసరికి అంతా అయిపోయింది. వాకిట్లో ఖాళీ మంచం. ఒళ్లంతా చెమటతో తడిసి, కళ్లు ఎర్రబడి దిగిన పెదనాన్నను చూసి రాజయ్యగారి భార్య ఎదురొచ్చింది.

"అన్నా, గింతగనం ఏడిస్తే ఎట్ల? నీ పానం ఖరాబైతది."

పెదనాన్న అది చెమట అని చెప్పబోయి, మంచం వైపు చూసి ఆగిపోయారు. తరవాత నిజంగానే ఏడ్చారు. నేను తల ఎత్తలేకపోయాను.

తిరుగుదారిలో, అద్దె బండిలో, పెదనాన్న నావైపు తిరిగారు.

"ఒరేయ్, నేను పోయినప్పుడు మాత్రం నువ్వు నడిచి రా. టైముకి అందుతావు."

అందుకే సమస్త యంత్రదేవతల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ ఏ కారు బానెట్టూ ఎత్తను. చల్లగాలి అడిగినవారికి విసనకర్ర ఇస్తాను. కావాలంటే విసురుతాను కూడా.