కళ్లద్దాలు జారినప్పుడు

అబిడ్స్ చౌరస్తాలో డ్యూటీ చేస్తుండగా బస్సు గుద్ది హెడ్ కానిస్టేబుల్ ఎర్నెస్ట్‌కి ఎడమచెయ్యి పోయింది. యాభై రెండేళ్ల మనిషిని నాంపల్లిలో ఒక ఆఫీసు మూలన కూర్చోబెట్టి రెండేళ్లు ఫైళ్లు మోయించారు. పిస్తోలు పరీక్ష పాసైతే మళ్లీ బయటి డ్యూటీ ఇస్తామన్నారు.

నేర్పే ఎస్సై రాఘవేంద్రది అతని కొడుకు వయసు. నెలరోజులు తూటా ముట్టనివ్వలేదు. ఖాళీ పిస్తోలు ఎత్తాలి, దించాలి. గొట్టం ఎప్పుడూ గురి వైపే ఉండాలి, వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి. పది నిమిషాలకే ఎర్నెస్ట్ భుజం పీకేసేది.

ఒకరోజు చెమటకి కళ్లద్దాలు జారాయి. వాటిని ఎగదొయ్యడం ఎన్నాళ్లనుంచో ఎడమచేతి పని. ఖాళీ చొక్కాచెయ్యి ఊగి ఊరుకుంది. పిస్తోలున్న కుడిచెయ్యి ముక్కు దగ్గరికి లేచింది.

"ఏందన్నా గిది! మొహానికే పెట్టుకుంటున్నవ్!" అని అరిచాడు రాఘవేంద్ర.

"ఉన్నది ఒక్క చెయ్యే గద సార్, ఏం జెయ్యమంటరు?"

"గందుకే చెప్తున్న. ముందు పిస్తోలు బల్ల మీద పెట్టు. గా తర్వాతే మొహం."

అప్పట్నుంచి జారిన ప్రతిసారీ పెట్టడం, అద్దాలు తొయ్యడం, మళ్లీ ఎత్తడం. రోజుకి నలభైసార్లు. ఇంట్లో చాయ్ గ్లాసు కింద పెట్టిగాని మొహం తుడుచుకునేవాడు కాదు. భార్య జిప్పోరా నవ్వేది.

పరీక్షనాడు పదింట ఏడు తగిలాయి.

"పాసైనవన్నా! రేపట్నుంచి ఖైరతాబాద్ గణేశుడి బందోబస్తు. పది రోజులు నిలబడుడే!" అన్నాడు రాఘవేంద్ర.

ఎర్నెస్ట్‌కి కాళ్లు ఇప్పుడే లాగుతున్నట్టనిపించింది. అయినా రెండేళ్లకి బయటి డ్యూటీ అనగానే కళ్లనిండా నీళ్లు తిరిగి గురి మసకైపోయింది. ఇంకా ఎత్తే ఉన్న పిస్తోలు ట్రిగ్గర్ మీంచి వేలు తీశాడు. గొట్టం అటువైపే ఉంచి పిస్తోలు మెల్లగా బల్ల మీద పెట్టాడు. అప్పుడు కళ్లు తుడుచుకున్నాడు.