బ్రూజ్ లాకు దగ్గర మా బావ

"విదేశాల్లో లాకులు చూడ్డానికి పంపే జట్టులో మొదటి పేరు నీదే" అని ముప్ఫై ఐదేళ్ళ కిందట ఒక పెద్ద ఇంజనీరు మా బావకి మాట ఇచ్చాడు. బావ కోటు కూడా కుట్టించుకున్నాడు. జట్టు విమానం ఎక్కేశాక తెలిసింది, అందులో ఆయన లేడని. "టెన్త్ చదివినవాడికి అక్కడేం అర్థమవుతుంది?" అన్నాడట ఇంజనీరు. పోయిన గురువారం పొద్దున విజయవాడలో మా బావ కన్నుమూశాడు. ఆయనకేం అర్థమైందో చెప్పే పని నాకు మిగిలింది. ఆయన విదేశపు లాకు చూసిన రోజు పక్కనున్నది నేనొక్కణ్ణే.

బావంటే మా అక్కయ్య భర్త. బందరు కాలవ మీద, పడవలు దాటడానికి తలుపులు వేసి నీళ్ళు ఎక్కించి దించే లాకుల సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. పడవలు ఆగిపోయిన తర్వాత కూడా ఏటా లాకు తలుపులకి తారు పూయించేవాడు. "పడవ రాదని తలుపు కుళ్ళనిస్తామా?" అనేవాడు.

నాలుగేళ్ళ కిందట జనవరిలో ఇద్దరం యూరప్ టూరుకి వెళ్ళాం. బ్రస్సెల్స్‌లో ఒకరోజు ఖాళీ దొరికింది. మిగతావాళ్ళు షాపింగుకి పోతే, మేం మంకీ క్యాపులు బిగించి బ్రూజ్ రైలెక్కాం. దారి పొడుగునా నేను చదివినదంతా వినిపించాను. ఒకప్పుడు దేశదేశాల వర్తకులు దిగిన ఊరని, సముద్రంలోకి వెళ్ళే పాయ పూడుకుపోయి చితికిపోయిందని చెప్పాను.

"ఎండాకాలం కాలవ కట్టేసి పూడిక తియ్యలేదా?" అన్నాడు బావ.

"సముద్రపు పాయని ఎలా కడతారు బావా?"

"అయితే ఏడాది పొడుగునా తియ్యాలి. ఊరికే చూస్తూ కూర్చుంటే పూడదుటోయ్!"

నేను చదివిన ఏ పుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు.

ఊళ్ళో గంటల గోపురం వైపు ఆయన తలెత్తి చూడలేదు. ఊరి అంచున లాకు దగ్గరికి నడిపించాడు. రెయిలింగు మీద వంగి కాసేపు నీళ్ళ చప్పుడు విన్నాడు. "ఎడమ తలుపు కింద కారుతోంది" అన్నాడు. కేబిన్‌లోంచి అరుస్తూ వచ్చిన లాకు మనిషికి చేతికర్రతో ఆ చోటు చూపించాడు. అతను మోకాళ్ళ మీద కూర్చుని చూసి, లేచి, బావని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. తన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఉద్యోగమంతా ఆఫీసర్ల ముందు నిలబడే మాట్లాడిన మనిషి మా బావ. ఒకరి భాష ఒకరికి రాదు. ముప్పావుగంట చేతులతో మాట్లాడుకున్నారు. నేను బయట చలికి గంతులేస్తూ, గర్వంతో పొంగిపోతూ అద్దంలోంచి చూశాను.

"ఏం చెప్పాడు బావా?"

"వాళ్ళకీ పైనించి గ్రీజు టైముకి రాదట."

ఆ గురువారం బావని కడసారి చూడ్డానికి ఆ ఇంజనీరూ వచ్చాడు. తొంభై దగ్గర పడుతున్నా చొక్కా ఇస్త్రీ చెడలేదు. "అప్పట్లో పైవాళ్ళు ఒప్పుకోలేదురా" అన్నాడు నాతో.

"పైవాడివి నువ్వే కదా అన్నయ్యా" అన్నాను.

బావ ఆయన్ని ఎప్పుడో మన్నించేశాడు. నేను మన్నించలేదు. తప్పు పైవాళ్ళది కాదు, మా పెద్దన్నయ్యది.