ఏడో వంతు

పామర్రు అవతల మా ఊరు కాలవకు చిట్టచివర. నీళ్లు చాలని ఏడాది పంటబోదె మీద రైతులు వంతులు వేసుకుంటారు. వంతు వచ్చినవాడే తూము తెరవాలి. రానివాడు తన మడి బీటలు వారుతున్నా పార ముట్టుకోడు. ఆ మర్యాద తప్పితే తలలు పగులుతాయి.

ఈసారి వంతులు ఫోన్లో కనపడేట్టు చేసిపెట్టమని ఊరి పెద్దలు నన్నడిగారు. విజయవాడలో ప్రోగ్రాములు రాసి బతికేదాన్ని, ఇదో పనా అనుకున్నాను. కాస్త పొగరే. నాలుగో వంతు, ఆరో వంతు రైతులు చేపల చెరువులు తవ్వించారు కాబట్టి వరి వంతుల్లోంచి వాళ్లను తీసేయాలి. ముందు నాలుగో స్థానం, తర్వాత ఆరో స్థానం తీసేయమని రాశాను. నాలుగోది పోగానే కిందివాళ్లంతా ఒక్కో మెట్టు పైకి జరిగారు. ఆరో స్థానంలోకి ఏడో వంతు రైతు వచ్చాడు. నా ప్రోగ్రాము ఆయన్ను తీసేసింది. ముందు ఆరోది, తర్వాత నాలుగోది, అలా చివరినుంచి తీసేస్తూ వస్తే ఏ గొడవా ఉండేది కాదు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు చెప్పే పాఠం అది.

ఆ ఏడో వంతు మా బాబాయిది.

పొలం గట్టు విషయంలో నాన్నతో మాటా మాటా పెరిగి, అప్పటికే ఆయన మా గడప తొక్కడం మానేశాడు. ఆ రోజు నేనూ నోరు పారేసుకున్నాను. వంతుల్లో ఆయన పేరు లేకపోవడం అందరూ చూశారు. మా ఇంటి గొడవ తెలుసు గనక ఎవరూ అడగలేదు.

కొన్నాళ్లకు అమ్మ ఫోన్ చేసింది. "మీ బాబాయి నారుమడి ఎండిపోయిందే. ఆరో వంతు నీళ్లేమో చేపల చెరువులోకి పోతన్నాయి. ఈయన గట్టు మీద కూర్చుని చూస్తన్నాడంట."

నేను రాసింది తెరిచి చూస్తే తప్పు కళ్లెదుటే ఉంది. వెంటనే బస్సెక్కాను.

బాబాయి మంచం వాల్చి కూర్చోమన్నాడు. కావాలని చేయలేదని ఆయన చేతులు పట్టుకుని చెప్పాను, ఏడ్చాను. ఆపైన నాకే కోపం వచ్చింది.

"ఒక్క ఫోన్ చెయ్యకూడదా బాబాయ్? నిమిషంలో సరిచేసేదాన్ని కదా!"

ఆయన తలెత్తలేదు.

"చేద్దామనే నెంబరు తీశానమ్మా. 'అవును, నేనే తీసేశా' అని నువ్వంటావేమోనని భయమేసి ఫోన్ పెట్టేశా."