ఇడియోపతిక్‌కి నేను చెప్పిన అర్థం

మా ఊరు పూండి స్టేషనుకి నడిచి వెళ్లేంత దూరం. ఆ రోజుల్లో నేను పలాసలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. పొద్దున్నే పాసింజరెక్కి వెళ్లి సాయంత్రానికి దిగేదాన్ని. ఊళ్లోకి ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా ముందు నా చేతికి రావాల్సిందే. బ్యాంకు నోటీసైనా సరే, పురుగుమందు డబ్బా మీది రాతైనా సరే. "టీచరమ్మ సదివితే ఇంక తిరుగునేదు" అనేవారు. నిజం చెప్పొద్దూ, నాకది మహా గొప్పగా ఉండేది. తెలియని మాట తగిలితే దబాయించి దాటేసేదాన్ని. అడిగేవాళ్లెవరు కనక!

మా చర్చిలో ఒక పద్ధతి ఉండేది. ఆదివారం ప్రసంగం అయ్యాక ప్రార్థన మనవులు చదివేవారు. ఎవరికైనా జబ్బు చేస్తే ఆసుపత్రి కాగితం కూడా అందరి ముందూ అక్కడే చదవాలి. జబ్బేమిటో, ఎందుకొచ్చిందో తెలిస్తేనే దేవుణ్ణి సూటిగా అడగగలమని మా పెద్దల నమ్మకం. "ఊరికే బాగుసెయ్యి పెబువా అంటే ఎలగమ్మా? ఏటి బాగుసెయ్యాలో సెప్పద్దా?" అనేవాడు మా సంఘపెద్ద. మీకు నవ్వొస్తుందేమో, నాకు రాదు. ఆ చదివే పని నాదే మరి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కొబ్బరిచెట్లెక్కే ఒకాయన ముఖం ఉబ్బి, అన్నం సయించక, విశాఖలో పెద్దాసుపత్రికి వెళ్లొచ్చాడు. రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయన్నారు. అప్పటికే మా ఉద్దానం పల్లెల్లో మగాళ్లు ఒక్కొక్కరే అలా ఉబ్బి, వాడిపోయి, రాలిపోతున్నారు. ఎందుకో ఎవరికీ అంతు చిక్కలేదు. ఆయన భార్యది సముద్రం ఒడ్డున ఉన్న భావనపాడు. పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి నాతోపాటే రైలెక్కేది. జీడి చమురుకి ఆమె వేళ్లన్నీ నల్లగా మాడిపోయి ఉండేవి. అత్తగారికి ఆమె అంటే మొదటినుంచీ గిట్టదు. "ఉప్పుసేప నేకపోతే ఈ గుంటకి ముద్ద దిగదు. అదే ఒండి పెట్టి నా కొడుకుని ఇలగ సేసీసింది" అని వీధి వీధంతా వినేలా అనేది.

ఆ ఆదివారం కాగితం నా చేతికిచ్చారు. జబ్బు పేరు చదివాను. దాని కింద, కారణం రాసేచోట, ఒకే ఒక్క మాట: ఇడియోపతిక్. పుట్టి బుద్ధెరిగి ఆ మాట చూసి ఎరగను. చర్చి మొత్తం నా నోటివైపే చూస్తోంది. ఇంకాస్త కింద డాక్టరు సలహాలున్నాయి: ఉప్పు బాగా తగ్గించాలి, ఎండుచేపలూ పచ్చళ్లూ మానేయాలి. దాన్నీ దీన్నీ కలిపేశాను.

"తిండివల్ల వచ్చిందని రాశారు. ఉప్పు వల్ల" అన్నాను, ఎంతో తెలిసినదానిలా.

అంతే, అత్తగారు గబుక్కున లేచింది. "ఓలమ్మో! నాను సెప్తే ఒక్కులూ ఇన్నేదు. ఇప్పుడు ఇంగిలీసులో కూడా రాసీసినారు!" అని గుండెలు బాదుకుంది. పాస్టరుగారు కళ్లు మూసుకుని, "ఈ సహోదరి తెలియక చేసిన తప్పును క్షమించు ప్రభువా" అని ప్రార్థించారు. అందరం ఆమెన్ అన్నాం. సిగ్గులేకుండా నేనూ అన్నాను. ఆమె ఒక్కతే అనలేదు. చెంగు ముఖం మీదికి లాక్కుని కూర్చుంది.

ఆ రోజే అత్తగారు పెరట్లో వేరే పొయ్యి పెట్టింది. కొడుక్కి ఇక తనే వండి పెడతానంది. ఆయన కాదనలేదు, కాదనే ఓపికా లేదు. భార్య మందులివ్వచ్చు, కాళ్లు పట్టచ్చు, అన్నం మాత్రం పెట్టకూడదు. రైల్లో నా పక్కన కూర్చుని ఆమె అడిగేది. "సేపని నానబెట్టి, ఆ నీల్లు పారబోసీసి ఒండీదాన్ని టీచరమ్మా. అయినా అలగయిపోనాదా?"

"కాగితంలో ఉన్నదే చదివాను తల్లీ" అని కిటికీవైపు తిరిగేదాన్ని.

డిక్షనరీ చూడొచ్చు కదా అంటారా? చూడలేదు. చూస్తే నా మాట తప్పని ఎక్కడ తేలుతుందోనని భయం. ఇప్పుడింత సులువుగా ఒప్పుకుంటున్నాను గానీ అప్పుడు నా మనసుతో కూడా ఒప్పుకోలేదు. అలా మూడు నెలలు గడిచాయి.

ఒకరోజు రైల్లో ఆమె తన నల్లటి వేళ్లు చూసుకుంటూ, "మా పిల్లకి కూడా ఒండడం మానీసినాను టీచరమ్మా. మా ఆడబొడుసు పెడతంది. నా సేతిలోనే ఏదో ఇసం ఉన్నట్టుంది" అంది. బడికి వెళ్లి తిన్నగా హెడ్మాస్టరు గదిలోకి నడిచాను. అక్కడ బల్లమీద లావుపాటి డిక్షనరీ ఉండేది. ఆ మాట దొరికింది. కారణం ఫలానా అని తెలియని జబ్బుకి వాడే మాట అట. అంతే దాని అర్థం!

ముందు ఆ డాక్టరు మీద మండిపడ్డాను. తెలీదు అని తిన్నగా రాసి ఏడవచ్చుగా, ఈ నోరు తిరగని మాటెందుకు? తర్వాత తల వాలిపోయింది. అంత చదువు చదివినాయన నాకు తెలీదని కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టాడు. రెండు ముక్కలు వచ్చిన నాకు మాత్రం ఆ మాట అనడానికి నోరు పెగల్లేదు.

ఆమెకి రైల్లోనే చెవిలో చెప్పేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ నింద పడింది నలుగురిలో. అందుకని ఆ ఆదివారం సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి నిలబడ్డాను.

"ఆ కాగితంలో కారణం తెలీదని రాశారు. నాకా మాటకి అర్థం తెలీదు. అది చెప్పడానికి నామోషీ అనిపించి నోటికొచ్చింది చెప్పాను. ఇందులో ఈమె తప్పేమీ లేదు."

"మరి ఉప్పు తగ్గించమన్నారు కదా?" అంది అత్తగారు.

"వచ్చిన జబ్బు ముదరకుండా తగ్గించమన్నారమ్మా. ఉప్పు వల్ల వచ్చిందని ఎక్కడా లేదు."

కోడలు లేచింది. తిడుతుందనుకున్నాను, తిడితే హాయిగా ఉండేది.

"తెలీదని ఆ దినమే సెప్పీసుంటే, ఈ మూడు నెల్లూ నా సేతి కూడు తినీవోడు కదా టీచరమ్మా" అంది.

మగవాళ్ల వైపు చివరి బెంచీ పట్టుకుని ఆమె భర్త మెల్లగా లేచాడు. "రాయే, ఇంటికెల్దాం. గంజి కాసి పెట్టు" అన్నాడు. ప్రార్థన ముగియకుండానే ఇద్దరూ బయటికి నడిచారు. అత్తగారు ఆపలేదు.

ఆయన ఆ తర్వాత ఐదు నెలలు బతికాడు. ఐదు నెలలూ ఆమే వండి, ఆమే కలిపి పెట్టింది. ముద్ద దిగని ఆఖరి రోజుల్లో కూడా కంచం పట్టుకుని పక్కన కూర్చునేదట. అంతకుముందు మూడు నెలల సంగతి ఆమె మళ్లీ ఎప్పుడూ నా దగ్గర ఎత్తలేదు. ఒక్కసారైనా ఎత్తి, నాలుగు దులిపి ఉంటే బాగుండేది.