అవ్వ వండిన అనపగింజలు

ఎనభైలలో తిరుపతిలో నాకు పాత రకాల విత్తనాలను చల్లగదిలో భద్రపరిచే ఉద్యోగం. కరెంటు పోతే ఆ గది కుంపటి. పైవాళ్లకు ఎన్నిసార్లు రాసినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పలమనేరు దగ్గర ఒక అవ్వ మూడేళ్ల ముందు ఇచ్చిన నల్లచారల అనపగింజలను ఒకసారి తడికాగితంలో చుట్టి వారం చూశాను. ఒక్కటీ మొలకెత్తలేదు.

వస్తున్నానని అవ్వకు కార్డు రాసి, బస్సెక్కాను. వెళ్లేసరికి సంగటి, పితికిపప్పు కూర సిద్ధం. అనపగింజలు నానబెట్టి, పొట్టు పితికి వండే ఆ కూరంటే నాకు ప్రాణం. మారు వేయించుకుని తిని, చెయ్యి కడుక్కుంటూ అడిగాను.

"అవ్వా, ఆ నల్లచారల గింజలు ఇంకో గుప్పెడు కావాల."

"ఇంగ యాడుండాయి సామీ? మీకాడ బద్రంగా ఉండాయి గదా అని మేము చేన్లో ఏసేది మానేసినాము. నువ్వొస్తాండావని కుండలో మిగిలిండేటివన్నీ నానేసినా. ఇప్పుడు నువ్వు తినింది అయ్యే."

నా మొహం చూసి, గింజలు మంచివి కావేమోనని అనుమానపడుతున్నాననుకుంది అవ్వ.

"పుచ్చుగింజలు గావు సామీ. నానేసి మూటగడితే, ఒక్కటి గూడా తప్పకుండా అన్నీ మొలకలొచ్చె."