పోళీలో గెణుసు నార

ఆ రోజుల్లో గెణుసుగడ్డకు మర్యాద లేదు. (చిలగడదుంప అంటే తప్ప తెలియనివాళ్ళకు చెబుతున్నాను, అదే ఇది.) యుద్ధం వచ్చి బియ్యం రేషనులో పడ్డాక, చిత్తూరు చుట్టుపక్కల ఊళ్ళలో పొద్దున్నే ప్రతి పొయ్యి మీదా గెణుసే ఉడికేది. ఆ తియ్యటి ఆవిరి మంచులో కలిసి వీధంతా కమ్ముకుంటే నాకు లేవబుద్ధయ్యేది కాదు. అయినా తింటున్నామని ఒప్పుకున్న ఇల్లు ఒక్కటీ లేదు. వాసన ఎప్పుడూ పక్కింటిదే.

నాకు పద్దెనిమిదేళ్ళు. తిరుపతి నుంచి నన్ను చూడడానికి వస్తున్నారంటే అమ్మ పోళీలు, అదే బొబ్బట్లు, చేద్దామంది. శనగపప్పు దొరకలేదు. ఉడికిన గెణుసును బెల్లంతో మెదిపే పని నాకప్పగించి, "నార లేకుండా తియ్యవే, పప్పనే చెప్తాం" అంది. మెదుపుతూ కిటికీలోంచి చూద్దును గదా, స్టేషను నుంచి వచ్చిన ఎద్దులబండి దిగి ఒకాయన, లోపలికి రాకుండా ఎద్దు మెడ నిమురుతూ నిలబడి ఉన్నారు. ఇంకేముంది, చేతులు పూర్ణంలో, మనసు ఆ ఎద్దు పక్కన. ఈయనే కావాలని అప్పుడే అనుకున్నాను, ఇప్పుడు దాచడమెందుకు. నారలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

ఆయన పోళీ కొరికితే నార జానెడు సాగింది. వాళ్ళమ్మ చూసింది.

"ఏం పప్పమ్మా ఇది, నార వస్తా ఉండాది? మా ఇంట్లో గెణుసు గడప తొక్కదు" అంటూ ఆకు పక్కకు జరిపింది. అమ్మ ముఖం పాలిపోయింది. తలుపు వెనక నేను బెల్లం అంటిన నా చేతుల వైపు చూసుకున్నాను. నా పగటికలలతో నా సంబంధం నేనే చెడగొట్టుకున్నాను.

ఆయన నార తీసి ఆకు అంచున పెట్టి, నెమ్మదిగా, "పొద్దున రైల్లో మనం తిన్నింది గూడా గెణుసే గదమ్మా. మూటలో ఇంకా రెండు మిగిలుండాయి" అన్నారు.

ఆవిడ కొడుకును చూసింది. మా నాయన పైకప్పును చూశాడు. చివరికి ఆవిడే ఆకు దగ్గరికి లాక్కుని, "ఇంగొకటి ఎయ్యమ్మా, బెల్లం బాగా పడిండాది" అంది. సాయంత్రానికి ముహూర్తం కుదిరింది.

ఇప్పుడు డాక్టరే అన్నం తగ్గించి గెణుసు తినమంటున్నాడు. ఆయనకు పళ్ళు లేవు గనక మెత్తగా మెదిపి, నారలన్నీ తీసేస్తాను, ఒక్కటి తప్ప. ఆయన దాన్ని కంచం అంచున పెట్టి, "ఎవుర్ని చూస్తా మెదిపినావు?" అంటారు. ఈ వయసులో సిగ్గేమిటో గానీ, నేను కిటికీ వైపు తిరిగిపోతాను.