సర్వ చల్లారేదాకా

అవ్వ, మా నాయనమ్మ, పోయిందని పొద్దున హాస్టల్‌కు ఫోన్ వచ్చింది. గోదావరిఖని చేరాక నేను ఏడవకపోవడం అందరి కంట్లోనూ పడింది. "సదువెక్కువై గుండె రాయైంది దీనికి" అన్నాడు అన్న. రాయి కాలేదు. బస్సులో ఫోన్ తెరిస్తే వదిన పెట్టిన అవ్వ వీడియో కనిపించింది, ఏడుపు పాట తగిలించి. అవ్వ శవం ఇంకా ఇంటి ముందే ఉంది. నా ఏడుపును కోపం మింగేసింది.

వీడియోలో అవ్వ సర్వపిండి చేస్తోంది. ఇత్తడి సర్వ గిన్నె లోపల బియ్యప్పిండి పలచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె పోసి, బొగ్గుల పొయ్యి మీద కాల్చేది. ఒకటి తీయగానే రెండోది వెయ్యలేం. కాలిన సర్వను బోర్లించి, నీళ్లు చల్లి, చల్లారేదాకా ఆగాలి. మా క్వార్టర్ ముందు ఆ ఆగడమే సంబరం. ఇరుగుపొరుగు పీటలతో సహా వచ్చేవాళ్లు. మొదటిది తలా ఒక ముక్క. ఇక ముచ్చట్లు.

"ఇంకెంతసేపే?" అని బొగ్గుగనిలో షిఫ్టు దిగొచ్చిన తాత గునిసేవాడు.

"పొద్దంత బాయిల ఉన్నోనివి, గింతసేపు ఉండలేవా? సల్లారనియ్యి."

కుదురులేని నన్ను ఒకచోట కూర్చోబెట్టింది ఆ తడి సర్వ ఒక్కటే.

వీడియో తీసిన రోజు నేనూ ఉన్నాను.

"అవ్వా, గిటు సూసి నవ్వు. మల్లొక్కసారి బొక్కలు పెట్టు" అంది వదిన.

"పిండి మాడుతాంది, నవ్వుమంటవేందే? నీ ఫోన్ తింటదా దీన్ని?"

వదిన పెట్టినదాంట్లో ఆ మాట తీసేశారు. సర్వ చల్లార్చడం మొత్తం తీసేశారు. ఎందుకని అడిగితే, "గదెవలు సూస్తరు? బోర్" అంది వదిన. అవ్వ చేతి రుచంతా ఎక్కడుందో సరిగ్గా అక్కడే కత్తెర పడింది. ఇప్పుడు దాని కింద ముక్కూమొహం తెలియనివాళ్లు గుండె బొమ్మలు పెడుతున్నారు. వాళ్లలో ఒక్కరూ ఆ పొయ్యి దగ్గర ఆగలేదు.

దినాలు కాగానే వదిన పాత గిన్నెలన్నీ సంచిలో వేసింది, వాటిని దుకాణంలో మార్చి నూనె లేకుండా వేయించే మిషను తెస్తుందట. గల్లీలో ఇప్పుడు అందరికీ అదే మోజు. నేను సంచిలోంచి సర్వ తీసుకున్నాను.

"గది నీకెందుకే? నువ్వు గూడ వీడియోలు తీస్తవా?" అని నవ్వాడు అన్న.

పెరట్లో పొయ్యి ముట్టించాను. మొదటిది కాస్త మాడింది. సర్వను బండ మీద బోర్లించి నీళ్లు చల్లితే సుయ్యిమని ఆవిరి లేచింది. పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

సర్వ నాది. ఇవ్వను.